మా మాటల లెక్క తేలడానికి ఆరు నెలలు పట్టింది: నా అనుభవం

2025 మార్చి 3, సోమవారం సాయంత్రం ఐదున్నరకి డేటాబేస్‌ మీద మొదటి క్వెరీ, అంటే దాన్ని అడిగే ప్రశ్న, నడిపాను. పక్క కుర్చీలో మాస్టారు కూర్చున్నారు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆరేళ్లుగా కాశీనగర్, గుణుపూర్ వైపు ఊళ్లు తిరుగుతూ ముసలివాళ్ల కబుర్లు, పాటలు రికార్డు చేస్తున్నారు. వాటిని నేనూ, మా బడిలో ఇద్దరు టీచర్లూ కలిసి టైపు చేశాం. ఆ సాయంత్రం ఆయన అడిగింది చిన్న ప్రశ్న: "ఏమ్మా, మనవాళ్లు ఏ మాట ఎన్నిసార్లు అన్నారో చెబుతుందా ఇది?"

చెబుతుందన్నాను. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. లోపలికెళ్లి టీ పెట్టుకొచ్చాను, ఆయన తాగేశారు, ఇంకా రాలేదు. 14 నిమిషాల 20 సెకన్లకి జాబితా వచ్చింది. అప్పుడు ఆయన "ఇందులోంచి పాటల్లో మాటలు మాత్రమే చూపించమ్మా" అన్నారు. అంటే మళ్లీ మొదటి నుంచి. ఆయన గడియారం చూసుకుని "రేపు వస్తాను" అని లేచారు. ఆ వయసులో మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చిన మనిషిని అలా పంపించినందుకు రాత్రంతా బాధపడ్డాను.

నా పని డేటాబేస్‌లు నడపడం కాదు. బడిలో కంప్యూటర్ చెబుతాను. క్వెరీలు రాయడం వచ్చు, అవి ఎందుకు నెమ్మదిస్తాయో మాత్రం ఎప్పుడూ పట్టించుకోవలసిన అవసరం రాలేదు. ఇలాంటి పని నెత్తినేసుకున్నవాళ్లు ఎక్కడో ఇంకొకరు ఉంటారు. వాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాకు కావలసింది ఇది. మా ఇళ్లల్లో రోజూ వినబడే మాటల్లో రాత తెలుగులో అంతగా కనబడనివి ఏవి, అవి ఎన్నిసార్లు వచ్చాయి. ఎక్కువసార్లు వచ్చినవి ముందు పెట్టి పిల్లలకి చిన్న పదకోశం వేయాలని మాస్టారి కోరిక. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. మా అమ్మ రోజుకి పదిసార్లు అనే కంబారి (పాలేరు), బుగత (ఆసామి), గంటెలు (సజ్జలు) నా కూతురికి తెలియవు. నది దాటి పాతపట్నం వెళితే అన్ని బోర్డులూ తెలుగులోనే ఉంటాయి, అది అక్కడ నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. నాకు ఈ పని మీద అంత పట్టుదల అందుకే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో రెండు టేబుళ్లు పెట్టాను. మా రికార్డింగుల రాతప్రతులు ఒకదాంట్లో: 1,860 ముక్కలు, సుమారు 4 లక్షల 10 వేల మాటలు. పోల్చి చూసుకోవడానికి రెండోదాంట్లో తెలుగు వికీపీడియా వ్యాసాలు. దాని డంప్, అంటే వ్యాసాలన్నీ ఉన్న ఫైలు, ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అందులో 40,000 వ్యాసాలు తీసుకుంటే కోటీ ఇరవై లక్షల మాటల దాకా వచ్చాయి. ప్రతి వ్యాసమూ ఒక గడిలో మొత్తం పాఠంగా ఉంది. అడిగిన ప్రతిసారీ నా క్వెరీ ఆ పాఠాన్నంతా ఖాళీల దగ్గర ముక్కలు చేసి, గుంపులు కట్టి, లెక్కపెట్టి, రెండు వైపులా కలిపేది.

నాకు మొదట తోచింది ఇండెక్స్, అంటే పుస్తకం వెనక పదసూచిక లాంటిది. పాఠం ఉన్న కాలమ్ మీదే వేయబోయాను. వరుస సైజు 2704 బైట్ల పరిమితి దాటిందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి, పేజీడు వ్యాసం ఎక్కడ పడుతుంది? పట్టినా లాభం లేదని తర్వాత తెలిసింది. మామూలు ఇండెక్స్ గడి మొదటి నుంచి పోల్చుతుంది, మధ్యలో ఉన్న మాటని వెతకలేదు. మాటకి ముందూ వెనకా ఏమున్నా సరేనని పర్సెంటు గుర్తులు పెట్టి, లైక్ అనే పోలికతో వెతికితే టేబులంతా చదవాల్సిందే. పైగా అది మాట ఉన్న వ్యాసాలెన్నో చెబుతుంది గానీ, మాట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పదు.

తర్వాత తప్పంతా కంప్యూటర్ మీదికి నెట్టాను. అది పాత ఐ3, 4 జీబీ మెమరీ, హార్డ్ డిస్క్. ఏప్రిల్ 12న శ్రీకాకుళం వెళ్లి ఎస్ఎస్‌డీ, ఇంకో 8 జీబీ మెమరీ కొన్నాను. రానుపోను చార్జీలతో కలిపి 5,350 రూపాయలయ్యాయి. అది నా జీతంలో చిన్న మొత్తం కాదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రే బిగించి నడిపాను. 9 నిమిషాలు. ఐదు నిమిషాలు తగ్గినందుకు సంతోషించాలి, నాకు ఏడుపొచ్చింది.

అప్పటికి గానీ అసలు ఏం జరుగుతోందో చూడాలన్న బుద్ధి పుట్టలేదు. క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అని రాస్తే ఏ అంచెలో ఎంతసేపు పట్టిందో చెబుతుంది. ఆ పని మార్చి 4న చేసి ఉంటే 5,350 రూపాయలు మిగిలేవి. డిస్క్ చదవడానికి పట్టిన సమయం అసలు తక్కువే. ముక్కలు చేయడానికి, వరుసలో పెట్టడానికి మిగతాదంతా పోతోంది. వరుసలో పెట్టేటప్పుడు మెమరీ చాలక డిస్క్ మీద రాసుకుంటోందని కూడా ఉంది. వర్క్ మెమ్ అనే సెట్టింగ్ మొదట్లో 4 ఎంబీయే ఉంటుంది. కొత్త మెమరీ కొన్నాను గానీ దాన్ని వాడుకోమని చెప్పనే లేదు. నా సెషన్ వరకు 256 ఎంబీ ఇచ్చాను. మాటల్ని పోల్చేటప్పుడు భాషా నియమాలు చూడకుండా బైట్లు మాత్రమే పోల్చమని సీ కొలేషన్ పెట్టాను. రెండూ కలిపితే 3 నిమిషాల 50 సెకన్లకి దిగింది.

ఇంకా ఏం తిప్పినా అంతకంటే తగ్గలేదు. మూడు వారాలు అక్కడే ఉండిపోయాను. మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి వెళ్లేవారు, నేను రాత్రి నడిపి ప్రింట్ తీసి ఉంచేదాన్ని. ఒకసారి ఆ కాగితం అడుగున ఇలా రాశారు: "తొందర లేదమ్మా. పంతులు గారు సవర మాటలు పోగు చేసినప్పుడు ఈ సదుపాయం కూడా లేదు." పంతులు గారంటే గిడుగు రామమూర్తి గారు. ఆయన సవర భాష నేర్చుకుని పని చేసింది మా ఊళ్లోనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మాస్టారు ఆయన సంగతి ఎత్తారంటే పనిని అంత గొప్పగా చూస్తున్నారన్నమాట. తొందర లేదన్న ఆ మాటకే నాకు టెన్షన్ ఎక్కువైంది.

మే 10న మా బాబాయి కొడుకు హైదరాబాద్ నుంచి పెళ్లికి వచ్చాడు. వాడికి డేటాబేస్‌లే ఉద్యోగం. పెళ్లింట్లో భోజనాల వేళ ఫోన్‌లో క్వెరీ చూపించాను. చూసి, "అప్పా, కల్లంలో ధాన్యం ఎప్పుడు కొలుస్తాం?" అన్నాడు. మా వైపు అప్ప అంటే అక్క.

"నూర్చగానే."

"మరి నువ్వు ఎవరొచ్చి అడిగినా గాదె విప్పి మళ్లీ మొత్తం కొలుస్తున్నావు కదా. లోపల పోసేటప్పుడే ఒక్కసారి కొలిచి చిట్టా రాసుకో. అడిగినప్పుడు చిట్టా చూడు."

ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ సంగతి కూడా అడిగాను. అది మాట ఎక్కడుందో వెతకడానికి మంచిదనీ, మొత్తం లెక్కలు కావాలంటే అదీ ప్రతిసారీ అంతా తిరగాల్సిందేననీ చెప్పాడు. మాట చివరి విభక్తులు తీసేసే సదుపాయం పోస్ట్‌గ్రెస్‌తో వచ్చేవాటిలో తమిళానికీ హిందీకీ ఉంది, తెలుగుకి లేదు. నాకు అది విని కష్టంగా అనిపించింది.

అలా కొత్త ఏర్పాటు మొదలైంది. ఒక టేబుల్‌లో మాటలు, ఒక్కో మాటకి ఒక నంబరు. ఇంకో టేబుల్‌లో ఫలానా వ్యాసంలో ఫలానా నంబరు మాట ఇన్నిసార్లు అని. చెప్పడానికి రెండు వాక్యాలు. నింపడానికి పట్టిన తిప్పలు మాత్రం నేను ఊహించనివి.

మే 18 ఆదివారం రాత్రి తొమ్మిదికి పైథాన్ ప్రోగ్రాం నడిపి పడుకున్నాను. అది ఒక్కో మాటనీ తీసి, లేకపోతే చేర్చేది, ఉంటే లెక్కకి ఒకటి కలిపేది. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాను, మధ్యలో ఆగితే సగం సగం మిగలకూడదని. మొదటి వెయ్యి వ్యాసాలు నాలుగు నిమిషాల్లో అయ్యాయి. పన్నెండింటికి లేచి చూస్తే వెయ్యికి ఇరవై నిమిషాలు పడుతోంది. కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో వరుసని మార్చితే పాతది అక్కడే ఉండి కొత్త ప్రతి పక్కన చేరుతుంది. 'మరియు' లాంటి మాట లెక్క వేలసార్లు మారుతుంది, అన్ని పాత ప్రతులూ పేరుకుంటాయి. ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వాటిని ఊడ్చడం కుదరదు. అందుకే పోనుపోను నెమ్మదించింది.

రెండు నలభైకి కరెంటు పోయింది. పొద్దున్న చూస్తే టేబుల్‌లో ఒక్క వరుస లేదు, డిస్క్ మీద మాత్రం 900 ఎంబీ ఆక్రమించి ఉంది. ట్రంకేట్ చేసి ఖాళీ చేశాను. బడికి వెళ్లేముందు యూపీఎస్‌కి 2,700 రూపాయలు కట్టి వెళ్లాను. ఆ ఖర్చుకి మాత్రం ఇప్పటికీ చింత లేదు.

రెండోసారి తొందరగా అవ్వాలని రెండు ప్రోగ్రాములు ఒకేసారి నడిపాను. పావుగంటలో డెడ్‌లాక్ ఎర్రర్. ఒకటి 'ఊరు' పట్టుకుని 'నీరు' కోసం, ఇంకోటి 'నీరు' పట్టుకుని 'ఊరు' కోసం కాచుకుని కూర్చున్నాయి. తమ్ముడికి ఫోన్ చేస్తే, ఒక్కో మాటకీ డేటాబేస్ తలుపు తట్టవద్దన్నాడు.

మూడోసారి కుదిరింది. ఒక వ్యాసంలోని మాటలన్నీ పైథాన్‌లోనే లెక్కపెట్టి ఫైల్‌లో రాసుకున్నాను. ఆ ఫైల్‌ని కాపీ కమాండ్‌తో ఇండెక్సులేవీ లేని తాత్కాలిక టేబుల్‌లోకి ఒక్క ఊపులో పోశాను. అక్కడి నుంచి మాటల టేబుల్, లెక్కల టేబుల్ నింపాను. ఇండెక్సులు ఆఖర్న వేశాను. మధ్యలో ఒక్కచోట ఆగిపోయింది. నంబర్లు కలిపే క్వెరీ 40 నిమిషాలైనా తేలలేదు. పోసిన తర్వాత ఎనలైజ్ చేయడం, అంటే టేబుల్‌లో ఏముందో అంచనా కట్టుకోమని డేటాబేస్‌కి చెప్పడం, మర్చిపోయాను. టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో తెలియక అది తప్పు దారి ఎంచుకుంది. ఎనలైజ్ చేశాక అదే క్వెరీ 50 సెకన్లు. మొదటి నుంచి చివరిదాకా మొత్తం పని 11 నిమిషాల్లో అయింది.

మే 25 మధ్యాహ్నం పాత ప్రశ్నే మళ్లీ అడిగాను. రెండు సెకన్లు. మొత్తాల్ని మెటీరియలైజ్డ్ వ్యూలో, అంటే ముందే లెక్కకట్టి దాచుకునే జాబితాలో, పెట్టి మళ్లీ అడిగాను. ఎంటర్ నొక్కిన వేలు ఎత్తేలోపు వచ్చేసింది: 40 మిల్లీసెకన్లు. వంటింట్లో ఉన్న అమ్మని పిలిచి చూపించాను. అమ్మకి అర్థం కాలేదు గానీ నా ముఖం చూసి నవ్వింది. ఆ వ్యూని వాడకం ఆగకుండా తాజా చేయాలంటే ఏ వరుసా రెండుసార్లు రానివ్వని యునీక్ ఇండెక్స్ ఉండి తీరాలి, లేకపోతే ఒప్పుకోదు. అది వేసి, రోజూ రాత్రి రెండింటికి దానంతటదే తాజా అయ్యేలా పెట్టాను.

జూన్ 2న మాస్టారు వచ్చారు. కళ్లజోడు తుడుచుకుని స్క్రీన్ దగ్గరికి వంగారు. జాబితా చూసి చాలాసేపు మాట్లాడలేదు. నేను సంతోషం అనుకున్నాను.

"ఇవి మాటలు కావు కదమ్మా," అన్నారు. "అక్షరాలు."

చూశాను. మొదటి వరుస 'ర'. రెండోది 'న'. తర్వాత 'క', 'ల', 'త'. వేగం వచ్చిన ఆనందంలో వారం రోజులుగా ఎడమ కాలమ్ చదవనే లేదు. కుడివైపు సెకన్లు చూసుకుంటూ ఉన్నాను. నోటమాట రాలేదు. ఆయన కోప్పడలేదు. "కంబారి ఏమైందో చూడు," అన్నారు.

కంబారి మూడు ముక్కలైంది: క, బ, ర. సున్నా, దీర్ఘం, గుడి మూడూ మాయం. చోళ్లు (రాగులు) అయితే చ, ళ, ల. పాత క్వెరీ ఖాళీల దగ్గర కోసేది. కొత్త ప్రోగ్రాంలో పాఠంలో నమూనాలు వెతికే పైథాన్ రీ మాడ్యూల్ వాడి, అక్షరాలు ఉన్నంత మేరా ఒక మాట అని రాశాను, కామాలూ చుక్కలూ వదిలించుకోవడానికి. దాని లెక్కలో అక్షరమంటే అచ్చో హల్లో అంకో. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాల కింద రావు. ఇంగ్లీషుతో పరీక్షిస్తే ఎప్పటికీ బయటపడదు. తెలుగు మాటలు లెక్కపెట్టే ఎవరైనా ముందు ఒక్క వాక్యం కోసి కళ్లతో చూసుకోండి.

యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన గళ్లన్నీ, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, మాటలో భాగమేనని మార్చి రాశాను. దాంతోపాటు ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. 'ఆఫీస్‌లో' లాంటి మాటల్లో పొల్లు తర్వాత తర్వాతి అక్షరాన్ని అతుక్కోనివ్వని, కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. టైపు చేసిన ముగ్గురిలో ఇద్దరం పెట్టాం, ఒకరు పెట్టలేదు. ఒకే మాట రెండుగా లెక్కకొచ్చింది. లెక్కకి మాత్రం ఆ గుర్తు తీసేశాను, పాఠంలో ఉంచాను. ఇక ఐత్వం. పాత ఫాంటు నుంచి మార్చిన కొన్ని ఫైళ్లలో అది ఒకే గుర్తుగా కాకుండా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు, ఇలా రెండుగా ఉంది. చూడటానికి ఏ తేడా లేదు. 'పైరు' రెండు వరుసల్లో కనబడి, రెండూ ఒకటే ఎందుకు కావో తెలియక రెండు రాత్రులు పోయాయి. పోస్ట్‌గ్రెస్‌లోనే నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, అది రెండింటినీ ఒక రూపానికి తెస్తుంది.

ప్రతి దిద్దుబాటుకీ మొత్తం మళ్లీ పోయాలి. ఐదుసార్లు పోశాను. పోతకి 11 నిమిషాలే కాబట్టి చేయగలిగాను. ఆ మొదటి రాత్రి పద్ధతే అయితే ఒకసారి తప్పు దిద్దేసరికే విసిగి వదిలేసేదాన్ని.

విభక్తుల సంగతి మాత్రం పూర్తిగా తేలలేదు. చోళ్లు, చోళ్లకి, చోళ్లతో వేరువేరు మాటలుగానే ఉన్నాయి. ప్రస్తుతానికి మొదటి అక్షరాలిస్తే ఆ కుటుంబమంతా ఒకచోట వచ్చేలా చేశాను. మాటల కాలమ్ సీ కొలేషన్‌లో ఉంది కాబట్టి 'చోళ్ల'తో మొదలయ్యేవన్నీ ఇండెక్స్ నుంచే వస్తాయి, టేబులంతా తిరగక్కర్లేదు. ఏది ఏ కుటుంబమో మాస్టారే పెన్సిల్‌తో గుర్తు పెడుతున్నారు. నాకు యంత్రం కంటే ఆ పెన్సిల్ మీదే నమ్మకం.

ఆగస్టు 29, గిడుగు వారి పుట్టినరోజున, మాస్టారు నలుగురు ముసలమ్మలని మా ఇంటికి తీసుకొచ్చారు. ఆ రికార్డింగుల్లో ఉన్న గొంతులు వాళ్లవే. ఒక్కొక్కరూ ఒక మాట చెప్పడం, నేను కొట్టడం. గంటెలు: 112. బుగత: 86. కంబారి: 41. వికీ వ్యాసాల గడిలో అంకెలు చాలా చిన్నవి. నా కూతురు నా భుజం మీద నుంచి వంగి ఒక్కో మాటనీ కూడబలుక్కుని పైకి చదువుతోంది.

వాళ్లలో పెద్దావిడ 'డొంక' అంది. 63 అని వచ్చింది. ఆవిడ కాసేపు చూసి, "అందులో నావి ఎన్ని?" అని అడిగింది. మనిషి వారీగా లెక్క నేను పెట్టుకోలేదు. రాతప్రతుల టేబుల్‌లో మాట్లాడినవాళ్ల పేర్లున్నాయి, కలపడమే మిగిలింది. మాస్టారు నా వైపు చూశారు. కుర్చీ దగ్గరికి లాక్కుని క్వెరీ రాయడం మొదలుపెట్టాను.